ముప్పై ఎనిమిదో పేజీ

పెద్ద టీచరు పన్నెండు గంటలకు ఇన్సులిన్ సూది వేసుకున్నారు. పన్నెండున్నరకల్లా భోజనం చెయ్యాలి. నేను ఆ గదిలో అడుగుపెట్టేసరికి ఒంటిగంటా ఐదు నిమిషాలైంది. భోజనం క్యారియరు మూత తీయకుండా బల్ల మీదే ఉంది. సూదికి తొడిగే చిన్న టోపీ చెత్తబుట్టలో ఉంది. పెద్ద టీచరు మాత్రం ఎక్కడా లేరు.

“సూది వేసుకున్నాక ఎంతసేపు తినకుండా ఉండొచ్చు?” అని అడిగాను.

“అరగంట. మహా అయితే ముప్పావు గంట.” చిన్న టీచరు క్యారియరు మీద చెయ్యి వేసి నిలబడ్డారు, అది కూడా ఎక్కడికైనా పోతుందేమో అన్నట్టు. “ఆ తర్వాత షుగరు పడిపోతుంది. ముందు చెమటలు, ఆ తర్వాత తికమక మాటలు, ఆ తర్వాత మనిషే పడిపోతుంది. పోయినేడాది ఇలాగే కుర్చీలో ఒరిగిపోతే పంచదార నీళ్ళు పట్టించాను. పక్కనున్నాను కాబట్టి సరిపోయింది. ఇప్పుడు పక్కన ఎవరున్నారు నాయనా?”

నా వృత్తి అపరాధ పరిశోధన. మా ఆవిడ దాన్ని పరుల శోధన అంటుంది. కానీ పెద్ద టీచరు నాకు పరులు కారు. ఎక్కాలు రాక ఏడుస్తున్న నన్ను బెంచీ దింపి ఎక్కాలు నేర్పిన మనిషి. ఆవిడకీ ఈ చిన్న టీచరుకీ మధ్య నాలుగేళ్ళ తేడా. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే బడిలో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక లైబ్రరీ వెనకాల ఈ గది తీసుకుని ‘పెద్దల చేతిపుస్తకం’ మొదలుపెట్టారు. మందులు ఇంటికి తెచ్చిచ్చేవాళ్ళు, చక్రాల కుర్చీ అద్దెకిచ్చేవాళ్ళు, కళ్ళజోడు బాగుచేసేవాళ్ళు, బాత్రూములో పట్టుకునే కడ్డీ బిగించేవాళ్ళు. ఊళ్ళో అరవై దాటినవాళ్ళకు పనికొచ్చే ప్రతి నంబరూ అరవై నాలుగు పేజీల్లో, అద్దాలు లేకుండా చదవగలిగేంత లావు అక్షరాల్లో. మొదటి ముద్రణ ఆరు నెలల కిందట అయిపోయింది. రెండోది ఈ రోజు రెండున్నరకు మెషీనెక్కాలి.

నన్ను పిలిచింది మాత్రం శనివారం వచ్చిన ఆకాశరామన్న ఉత్తరం గురించి. అది రెండు రోజుల కిందటి సంగతి.

“మీరు ఎన్నింటికి బయటికి వెళ్ళారు?”

“పదకొండున్నరకు, ప్రూఫులు తీసుకుని ప్రెస్సుకి. పన్నెండూ నలభైకి తిరిగొచ్చాను. తలుపు దగ్గరగా వేసుంది. అక్క లేదు.”

“ఫోను?”

“తన సంచిలో ఉంటుంది. మోగుతోంది. ఎత్తట్లేదు. ఇరవైసార్లు చేశాను.”

మనిషి తిండి మరిచిపోవచ్చు. సూది వేసుకున్నాక తిండి మరిచిపోయే షుగరు మనిషిని మాత్రం నేను చూడలేదు. పన్నెండుకూ పన్నెండూ నలభైకీ మధ్య ఈ గదిలో ఏదో జరిగింది. అది ఆవిడ చేత ఆకలినే కాదు, ప్రాణాన్ని కూడా మరిపించింది.

ఆ ఏదో ఏమిటో ఆలోచించే లోపే తలుపు తోసుకుని మా బావమరిది వచ్చాడు.

మా బావమరిది ఇన్‌స్పెక్టరు. నేను సస్పెక్టరు అంటాను, కంటికి ఎదురైనవాణ్ణల్లా అనుమానిస్తాడు కాబట్టి. వాడి దగ్గర లాఠీకి లోటు లేదు, లాజిక్కుకే కరువు. ఈ రోజు ఒక చేత్తో బక్కపలచటి మనిషి చొక్కా కాలరు పట్టుకుని, రెండో చేత్తో ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఉత్తరం పట్టుకుని వచ్చాడు.

“బావగారు కూడా వేంచేశారా,” అన్నాడు. “అక్క ఇంట్లో గ్యాసు బండ మార్చమంటే నడుం నొప్పన్నారట. ఇక్కడికి రావడానికి నడుం బాగానే లేచిందే.”

“నడుం సంగతి తర్వాత. ఆ కాలరులో ఉన్నదెవరు?”

“నీ కేసు. నీ బదులు నేను తేల్చేశాను. పేరు నీకు తెలుసుగా, ఊరంతా జిరాక్సు అంటారు.”

విన్నాను. ప్రకటనల కాగితాలు అచ్చేసి ఇంటింటికీ పంచే మనిషి. చేతిపుస్తకం వచ్చిన నెలకే ‘సీనియర్ల నేస్తం’ అని ఒకటి వేశాడు. అట్ట మాత్రమే కొత్తది, లోపలున్నదంతా పాత టీచర్లది.

“పన్నెండుకు ఇక్కడికొచ్చి టీచరమ్మతో పోట్లాడాడు. పక్కనున్న టైలరు చూశాడు,” అన్నాడు మా బావమరిది. “శనివారం ఉత్తరం, సోమవారం పోట్లాట, ఆ తర్వాత మనిషి మాయం. రెండో ముద్రణ వస్తే వీడి వ్యాపారం మూత. ఇంతకంటే ఏం కావాలి?”

“పన్నెండు తర్వాత వీడు ఆవిణ్ణి ఎక్కడికి తీసుకెళ్ళాడో కావాలి.”

“అది స్టేషన్లో చెబుతాడు.”

“స్టేషన్‌కి తీసుకెళ్ళి, కూర్చోబెట్టి, భయపెట్టి చెప్పించడానికి గంట. ఆవిడకు అంత టైము లేదురా.” క్యారియరు మూత తీసి చూపించాను. “ఇది చూశావా? సూది పడింది, ముద్ద పడలేదు. ఇప్పటికే ఆలస్యమైంది.”

వాడు క్యారియరు వంక, చిన్న టీచరు మొహం వంక చూశాడు. కాలరు వదల్లేదు కానీ పట్టు కొంచెం సడలింది.

“ఫోను ఏ టవరు కింద ఉందో అడిగాను. గంట పడుతుందన్నారు,” అన్నాడు గొంతు తగ్గించి. “ఐదు నిమిషాలిస్తాను. అడుక్కో.”

జిరాక్సును కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా బల్ల మీద కూర్చున్నాను. గోడ పొడుగునా చెప్పుల డబ్బాలు పేర్చి ఉన్నాయి, వాటినిండా అట్ట కార్డులు. ఒక్కో సేవకు ఒక్కో కార్డు.

“ఎన్నింటికి వచ్చావు?”

“పన్నెండూ ఐదు. పన్నెండూ పన్నెండుకి వెళ్ళిపోయాను. ఎదురుగా బస్సెక్కాను, టికెట్టుంది సార్.” టికెట్టు తీశాడు. పన్నెండూ పదిహేను. వాడు నిజమే చెబుతున్నాడు, కనీసం ఇక్కడిదాకా.

“ఎందుకొచ్చావు?”

“ఆవిడే రమ్మంది. నా పుస్తకం ముందు పెట్టి, ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పు అంది. సొంతంగా సేకరించానన్నాను. నవ్వింది సార్. నవ్వి, ‘నలభై ఒకటో పేజీలో గడియారం సేవ కూడా సొంతంగా సేకరించావా?’ అంది.”

“గడియారం సేవేమిటి?”

“గోడ గడియారాలకు ఇంటికొచ్చి కీ ఇచ్చేవాళ్ళు. వాళ్ళ పుస్తకంలో ముప్పై ఎనిమిదో పేజీ. అలాంటి సేవే లేదట. నన్ను పట్టుకోవడానికి ఆవిడ కల్పించి పెట్టిందట. ఎవడు కాపీ కొడితే వాడి పుస్తకంలోకి ఆ గడియారం కూడా నడిచొస్తుంది కదా.”

నేను చిన్న టీచరు వైపు తిరిగాను. ఆవిడ కిటికీ వైపు తిరిగారు.

ముప్పై ఎనిమిదో పేజీ. మనిషి పోయాడని ఉత్తరం నిందించింది కూడా ఆ పేజీనే. నేను రెండు రోజులుగా ఆ పేజీలోని మందుల షాపుల, దంతాల డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నాను.

“నువ్వేమన్నావు?”

జిరాక్సు పెదాలు తడుపుకున్నాడు. “ఉడుకుమోత్తనం వచ్చింది సార్. సేవే లేకపోతే నాకు ఫోన్లు ఎందుకొస్తున్నాయండీ అన్నాను. ఒక పెద్దాయన చేశాడు నాకు. గడియారం వాళ్ళ ఫోను ఎప్పుడూ స్విచాఫ్ అని వస్తోంది, టీచర్ల పుస్తకంలోనూ మీ పుస్తకంలోనూ అదే నంబరుంది, మీరైనా మనిషిని పంపండి అని.”

“ఏం చెప్పావు?”

“గడియారానికి కీ ఇవ్వడం పెద్ద విద్యా తాతా, స్టూలెక్కి నువ్వే తిప్పుకో అన్నాను.” వాడు నవ్వబోయి ఆగిపోయాడు. “అది చెప్పగానే ఆవిడ మొహం అదోలా అయిపోయింది సార్. నన్ను మాట్లాడొద్దంది. పొమ్మంది. అంతే, ఒట్టు.”

జన్మంతా కాపీలు కొట్టినవాడు చెప్పిన మొదటి ఒరిజినల్ మాట అదే అయ్యుంటుంది. నాకు నవ్వు రాలేదు.

“ఆ పెద్దాయన ఎప్పుడు చేశాడు?”

“పోయిన వారం కాదు, ఆ ముందు గురువారం. మధ్యాహ్నం మూడు కావస్తోంది. భోంచేసి పడుకుంటే లేపాడని చిరాకేసింది, అందుకే గుర్తు.”

“విన్నావుగా బావా, వీడు ఆవిణ్ణి రెచ్చగొట్టినట్టు వీడే ఒప్పుకున్నాడు,” అన్నాడు మా బావమరిది.

“రెచ్చగొట్టడం వేరు, ఎత్తుకెళ్ళడం వేరు. నువ్వు శనివారం ఆ పేజీ నంబర్లన్నిటికీ ఫోన్ చేశానన్నావు.”

“చేశాను. ఆరింట్లో ఐదు పలికాయి.”

“ఆరోది?”

వాడు జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశాడు. వేలితో వెతికాడు. ఒక గీత దగ్గర వేలు ఆగింది.

“స్విచాఫ్. తర్వాత చూడాలని రాసుకున్నాను.”

“గడియారమా?”

“గడియారమే. గడియారం వాడు ఎవరిని చంపుతాడు బావా?”

అది నాకూ తట్టేది కాదు. నేను ‘గ’ అక్షరం డబ్బా తీసి కార్డు వెతికాను. ఈ గదిలో ఒక శాసనం ఉంది: ప్రతి నంబరుకూ మూడు వేళల్లో, ముగ్గురు మనుషులు ఫోన్ చెయ్యాలి. ఒక్కొక్కరిదీ ఒక్కో రంగు టిక్కు. ఎర్రది, పచ్చది, నీలం. మూడు రంగులు పడనిదే ఏ సేవా అచ్చుకు పోదు. గడియారం కార్డు మీద మూడు టిక్కులూ ఉన్నాయి. మూడూ నీలమే.

“నీలం ఎవరిది?” అన్నాను, తెలిసే.

“నాది,” అన్నారు చిన్న టీచరు. కిటికీ వైపు నుంచి తిరగలేదు. “ఆలోచన కూడా నాదే. అక్క ఒప్పుకోలేదు. మన పుస్తకంలో అబద్ధం ఉండకూడదంది. నేనే నచ్చజెప్పాను. ఈ కాలంలో కీ ఇచ్చే గడియారం ఎవరింట్లో ఉంది, ఎవరికీ అక్కర్లేని సేవ ఒకటి పెడదాం, ఒక పాత ఫోను నంబరు వేద్దాం అన్నాను. ఎవరూ చెయ్యరనుకున్నాం నాయనా. ఎవరైనా చేస్తారని ఒక్కసారైనా తట్టలేదు.”

“శనివారం నాకెందుకు చెప్పలేదు?”

“సిగ్గేసింది.”

అచ్చుతప్పులైతే తప్పొప్పుల పట్టిక వేసి సవరించుకోవచ్చు. అచ్చయిన తప్పుకు పట్టిక లేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను.

“ఆ పాత ఫోను ఎక్కడుంది?”

“అక్క బల్ల కింది సొరుగులో. నెలల తరబడి దాన్ని ముట్టుకోలేదు.”

సొరుగు పూర్తిగా మూసి లేదు. మూయకపోవడానికి కారణం లోపలికి దూరిన చార్జరు తీగ. తీగ చివర బటన్ల ఫోను ఒకటి, వెలుగుతోంది. ఎవరో దాన్ని ఈ రోజే చార్జింగులో పెట్టి, ఆన్ చేశారు. కీ లేని గడియారం కోసం వెతికితే కీలకమైన ఫోను దొరికింది.

మెసేజీలు తెరిచాను. ఫోను ఆపి ఉన్నప్పుడు ఎవరెవరు చేశారో కంపెనీవాళ్ళు పంపే మెసేజీలవి. ఆన్ చెయ్యగానే వరసగా వచ్చి పడ్డాయి. మా బావమరిది శనివారం చేసినది తీసేస్తే మొత్తం పదిహేడు. పదిహేడూ ఒకే నంబరు నుంచి.

“రాసుకో,” అన్నాను మా బావమరిదితో. వాడు ఎదురు చెప్పకుండా పెన్ను తీశాడు. “ఆ ముందు వారం సోమవారం, ఉదయం పది. ఒక్కసారి. మంగళవారం, పది. ఒక్కసారి. బుధవారం, పది. ఒక్కసారి.”

“పద్ధతి గల మనిషి,” అన్నాడు వాడు.

“గురువారం. మధ్యాహ్నం మూడూ పన్నెండు. మూడూ పద్నాలుగు. మూడూ పదిహేను. మూడూ పదిహేడు…” చివరిదాకా కిందికి జరిపాను. “చివరిది మూడూ యాభై. ముప్పై ఎనిమిది నిమిషాల్లో పద్నాలుగుసార్లు.”

జిరాక్సు లెక్కపెడుతున్నాడు, వేళ్ళతో. మూడు కావస్తుండగా తను ఒక ముసలాయనకు స్టూలెక్కమని చెప్పాడు. మూడూ పన్నెండుకు ఈ ఫోన్లు మొదలయ్యాయి.

“మొదటి మూడూ గడియారం కోసం,” అన్నాను. “రోజుకొకసారి, పద్ధతిగా. తర్వాతి పద్నాలుగూ గడియారం కోసం కావు. గడియారానికి కీ ఇవ్వమని నిమిషానికోసారి ఎవరూ చెయ్యరు. చేసిన మనిషి కూడా వేరు. మొదట చేసినాయన అప్పటికే కింద పడి ఉన్నాడు.”

“మరి ఆసుపత్రికి చెయ్యాలిగానీ దీనికెందుకు?”

“ఏదీ, ఆ ఉత్తరం ఇలా ఇవ్వు.”

కవరులోంచే చూశాను. ‘ముప్పై ఎనిమిదో పేజీ నమ్మి మా ఇంట్లో మనిషి పోయాడు. ఆ పేజీ మళ్ళీ అచ్చయితే నేను ఊరుకోను.’ పెన్సిలు రాత. వరస కిందికి జారిపోయింది. రెండు చోట్ల మొన గుచ్చుకుని కాగితం చిల్లిపడింది. శనివారం దీన్ని చూసి కోపంతో రాసిన రాత అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

“బల్ల మీద రాస్తే కాగితం చిల్లిపడదు. దిండు మీద పెట్టి రాస్తే పడుతుంది. వెల్లకిలా పడుకుని రాస్తే పెన్నులో సిరా దిగదు, అందుకే పెన్సిలు. ఇది రాసిన మనిషి మంచం దిగలేదు. ఆయన ఒక్క బటనుకు పెట్టుకున్న నంబరును మళ్ళీ మళ్ళీ నొక్కడం తప్ప ఇంకేమీ చెయ్యలేకపోయింది.”

చిన్న టీచరు కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. “పద్నాలుగుసార్లు,” అన్నారు. ఆ ఒక్క ముక్కే.

“ప్రెస్సుకు ఫోన్ చేసి మెషీను ఆపించండి,” అన్నాను. ఆవిడకు చెయ్యడానికి ఏదో ఒక పని కావాలి. ఆవిడ నంబరు నొక్కుతుండగా నేను ఆ పాత ఫోనులో ఇంకో మూల వెతికాను. ఇక్కణ్ణుంచి వెళ్ళిన కాల్ ఒకటుంది. ఈ రోజు, పన్నెండూ పదహారు. నిమిషం యాభై సెకన్లు. అదే నంబరుకు.

ఎవరూ ఎత్తుకెళ్ళలేదు. జిరాక్సు బయటికి నడిచిన నాలుగు నిమిషాలకు పెద్ద టీచరు ఈ ఫోను తెరిచి, పదిహేడు చూసి, ఆ ఇంటికి తనే ఫోన్ చేసి, తనే వెళ్ళారు. ముద్ద తినకుండా.

“అంటే క్షేమంగానే ఉందిగా,” అన్నాడు మా బావమరిది. వాడి గొంతులో నమ్మకం లేదు. “మనిషి చచ్చిపోయిన ఇంటికి, చంపింది నేనే అని చెప్పుకోవడానికి వెళ్ళింది. వాళ్ళేం చేస్తారో.”

“ఆ నంబరు ఎవరిదో, ఇల్లెక్కడో కనుక్కో.”

“నువ్వే చెయ్యి బావా, ఫోను నీ చేతిలోనే ఉందిగా.”

నిజమే. నేను బటను మీద వేలు పెట్టాను. నొక్కే లోపే ఆ ఫోను మోగింది.

అదే నంబరు. ఒంటిగంటా ముప్పై నాలుగు.

“హలో.”

అవతల కాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది.

“పలికారా,” అంది ఒక ముసలి ఆడగొంతు. “గడియారం వాళ్ళేనా?”

“అవునమ్మా,” అన్నాను. “గడియారం వాళ్ళమే. చెప్పండి.”

“మీ మనిషి ఒకావిడ వచ్చింది. టీచరమ్మట. మంచం పక్కన కూర్చుంది. తిట్టాల్సినవన్నీ తిట్టాను. విన్నది. సంచిలో ఫోను మోగుతున్నా ఎత్తలేదు, మీరు తిట్టడం పూర్తి కానివ్వండి అంది. అంతా అయ్యాక గడియారం వంక చూసి, దీనికి కీ ఇచ్చి వెళ్తానంది. వద్దన్నాను బాబూ. ఆయన ఎక్కిన స్టూలే అది, వద్దు అన్నాను. ఒళ్ళంతా చెమటలు పట్టాయి ఆవిడకి, మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి. ఏడ్చింది కదా, అందుకనుకున్నాను.”

చిన్న టీచరు నా మొహం చూసి లేచి నిలబడ్డారు.

“ఇప్పుడు ఎక్కడున్నారమ్మా ఆవిడ?”

“నేల మీద. ఇప్పుడే, ఆయన పడ్డ చోటే. నేను మంచం దిగలేను. పనిమనిషి ఆరింటికిగానీ రాదు. నాకు అందేది ఈ ఫోనొక్కటే, చూడకుండా నొక్కగలిగేది ఆయన ఒక్క బటనుకు పెట్టుకున్న ఈ నంబరొక్కటే. మీరు పలకరని తెలుసు. అయినా నొక్కాను.”

“ఇల్లు చెప్పండి.”

చెప్పింది. నేను పైకి అన్న ప్రతి మాటనూ మా బావమరిది అరచేతి మీద రాసుకున్నాడు. రాస్తూనే రెండో చేత్తో అంబులెన్సుకు ఫోన్ కలిపాడు. “జీపులో మామూలుగా పదకొండు నిమిషాలు. సైరన్ వేస్తే ఏడు,” అన్నాడు. ఇంటల్లుడి మీద వేళాకోళం ఆ గొంతులో ఎక్కడా లేదు. “బావా, నడు.” చిన్న టీచరు అప్పటికే పంచదార డబ్బా పట్టుకుని వాకిట్లో ఉన్నారు. జిరాక్సును ఎవరూ పట్టుకోలేదు. వాడే మా వెనకాల పరిగెత్తుకుంటూ వచ్చాడు.

“తలుపు తీసుందా అమ్మా?” మెట్లు దిగుతూ అడిగాను.

“నేను లేవలేనని పనిమనిషి ఎప్పుడూ దగ్గరగా వేసే పోతుంది బాబూ. మీ టీచరమ్మే లోపల గడియ పెట్టింది. పెద్దవాళ్ళం ఇద్దరమే ఉన్నప్పుడు గడియ పెట్టుకోవాలట, పుస్తకంలో తనే రాసిందట.”

జీపు తలుపు పడింది. సైరన్ మొదలైంది.

“బద్దలు కొడతాం, భయపడకండి. ఫోను మాత్రం పెట్టెయ్యకండి.”

“పెట్టను. మీరూ పెట్టకండి,” అంది. గొంతు తగ్గించి, పక్కన పడుకున్నవాళ్ళను లేపకూడదన్నట్టు చెప్పింది. “బాబూ, ఇందాకటిదాకా ఆవిడ చెయ్యి కదులుతూ ఉండేది.”